తొట్టెల్లో బూట్లు

తాహెరా బేగం నోరు పెద్దది, చేతులు మెత్తన. హన్మకొండలో ఆమె పనిచేసిన దవాఖాన వెనక గదికి వచ్చే తల్లులంతా ఈ రెండూ ఎరుగుదురు. బోర్డు మీద ఫిజియోథెరపిస్టు అని ఉండేది గానీ జనానికి ఆమె కాళ్ల డాక్టరమ్మ. దొడ్డికాళ్ల పిల్లలు, చదును పాదాల పిల్లలు అందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. సగం మందిని "ఏం ఫికర్ లేదు పో, పెరిగితే అదే సక్కగైతది" అని కసిరి పంపేది. పుట్టుకతో లోపలికి మడత పడ్డ పాదాలను మాత్రం ఒక్కరోజు ఆలస్యం కానిచ్చేది కాదు.

1976 ఎండాకాలంలో తొర్రూరు దగ్గరి పల్లె నుంచి పూలమ్మ ఇరవై రోజుల బిడ్డను తెచ్చింది. పేరు సుగుణ. రెండు అరికాళ్లూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. తాహెరా వారం వారం ఆ పాదాలను కొంచెం కొంచెంగా తిప్పి పిండికట్టు వేసింది. ఎండైనా వానైనా పూలమ్మ ఒక్క వారం తప్పలేదు. పది వారాలకు పాదాలు చక్కబడ్డాయి. అప్పుడు ఇనుప పట్టీతో కలిపిన చిన్న తోలు బూట్లు ఆమె చేతిలో పెట్టింది తాహెరా.

"నాలుగేండ్లు నిండేదాంక పిల్ల పండుకున్నప్పుడు ఇవి ఉండాలె. ఇప్పితే కాలు మల్ల లోపలికి తిరుగుతది," అని మూడుసార్లు చెప్పింది.

పిల్లకు ఏడో నెలలో మళ్లీ తెచ్చినప్పుడు చూస్తే పాదాలు తిరిగిపోయి ఉన్నాయి. తాహెరాకు ఒళ్లు మండింది. వరుసలో కూర్చున్న వాళ్లందరి ముందే అరిచింది.

"బూట్లు తొడుగుతున్నవా?"

"తొడుగుతాన్నమ్మా," అంది పూలమ్మ తల దించుకుని.

"అబద్ధం! కన్నతల్లివేనా నువ్వు?"

పూలమ్మ పిల్ల మీద రాలిన కన్నీళ్లను కొంగుతో తుడిచింది. ఆమె ఎదురు మాట్లాడకపోవడం తాహెరాకు మింగుడు పడలేదు. ఆదివారం తొర్రూరు బస్సెక్కింది.

పూలమ్మ ఇంటి గడప ముందు అలవాటుగా తన చెప్పులు విప్పింది. పక్కన చూస్తే పెద్దవాళ్ల చెప్పుల వరుసలో సుగుణ బూట్లు, ఇనుప పట్టీతో సహా. లోపల పిల్ల తొట్టెల్లో ఉత్త కాళ్లతో నిద్రపోతోంది.

పూలమ్మ అత్త సమ్మమ్మ ఏమీ దాచలేదు. "కోడలు తొడుగుతది డాక్టరమ్మా. పిల్ల పండుకోంగనే నేనే ఇప్పి బయట పెడ్తాన్న. తోలు చెప్పులు తొట్టెలల్ల పెడ్తరా? బంగారమసొంటి పిల్లకు పీడ తగలదా?"

తాహెరా తిట్టడానికి నోరు తెరిచి, గడప అవతలి తన చెప్పులు చూసి ఆగిపోయింది. తన ఇంట్లోనూ అంతే. చాప దగ్గరికి చెప్పులు వస్తే తల్లి ఊరుకునేది కాదు. అయినా ఇన్నేళ్లుగా తోలు బూట్లిచ్చి పంపుతోంది, ఇంట్లో పిల్లను పండబెట్టేదెవరని ఒక్కసారీ అడగలేదు. అత్త పేరు బయటపెట్టలేక పూలమ్మ ఆ నిందంతా మోసింది. తాహెరాకు సిగ్గుతో తల వాలిపోయింది.

మరుసటి వారం అదే వరుస ముందు తాహెరా పూలమ్మ చేతులు పట్టుకుంది. "ఆనాడు నలుగుర్ల అన్న. నలుగుర్లనే చెప్తున్న, తప్పు నాది బిడ్డా."

మళ్లీ పిండికట్లు వేసింది. ఈసారి మందపాటి గుడ్డతో బూట్లు కుట్టించి, కట్టెపట్టీ బిగించి, మొదటిరోజు సమ్మమ్మ చేతనే తొడిగించింది. కుడి పాదం నిలిచింది. ఎడమ మడమ మాత్రం హైదరాబాదులో ఆపరేషన్ అయినా పూర్తిగా నేలకు దిగలేదు.

అప్పటి నుంచి గదికి ఎవరొచ్చినా తాహెరా మొదటి మాట ఒకటే: "పిల్లను పండబెట్టేదెవలు? ఆమెను తోల్కరా." చూస్తుండగానే వరుసలో తల్లుల కంటే అవ్వలే ఎక్కువయ్యారు.

1985లో తొమ్మిదేళ్ల సుగుణను వెంటబెట్టుకుని సమ్మమ్మ వచ్చింది. పిల్ల చెప్పులు బయట విప్పి లోపలికి నడిచింది. కుడి అడుగు నిమ్మళంగా పడుతోంది, ఎడమ కాలు మాత్రం టక్కుమంటోంది.

"ఇంట్ల అది నడిచినప్పుడల్లా ఆ సప్పుడు నాకు ఇనబడ్తది బిడ్డా," అంది ముసలమ్మ. "నా చేతుల్తోనే ఇప్పిన."

తాహెరా వచ్చి ఆమె పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఈడిదాంక నాకు సుత ఇనబడ్తది, అవ్వా."