నాలుక కింద మాత్ర, మగ్గం మీద చీర

బాలకిష్టయ్య నోరు మూసుకుని కూర్చోగా చూశామని చెప్పేవాళ్లు ఒకప్పుడు గద్వాలలో ఒక్కరూ ఉండేవారు కాదు. అతను మగ్గంలో కూర్చుని కబుర్లు మొదలుపెడితే కృష్ణలో చేపలు కూడా ఒడ్డుకు వచ్చి వినేవి. అలాంటి మనిషి ఇప్పుడు రోజూ పొద్దున కాసేపు పెదవి విప్పడు.

అతనిది గుంట మగ్గం, నేలలో తవ్విన గుంటలో దిగి కూర్చుని నేసేది. ఏళ్ల తరబడి వంగి నేసి నేసి నడుము పట్టేసింది. మందుల దుకాణంలో ఎవరో ఒక నొప్పి మాత్ర ఇచ్చారు. నల్లమందుకు దగ్గరి చుట్టం లాంటి మాత్ర అది, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడనిది. మొదట నడుము కోసం మింగాడు, తర్వాత గుంటలో దిగడానికి, ఆ తర్వాత మంచం దిగడానికి కూడా. ఒక పూట మానితే చెమటలు, ముక్కు కారడం, కాళ్లు పీకడం. ఆ రోజుల్లో అతన్ని కుట్టిన దోమ ఒకటి నిద్రలోనే వనపర్తి దాకా ఎగిరిపోయింది. నా కళ్లతో చూశాను.

దోమ వెనకే అతన్నీ వనపర్తి దవాఖానకు తీసుకుపోయింది భార్య కౌసల్యమ్మ. అక్కడి డాక్టరు భాస్కర్ నాలుక కింద పెట్టుకునే వేరే మాత్ర మొదలుపెట్టాడు. ఇది పాత మాత్ర మీద యావను అణచి, మనిషిని నిలబెడుతుంది. కానీ రోజూ రావాలి, కరిగేదాకా నర్సు ఎదుట మాట్లాడకుండా కూర్చోవాలి. మందు పనిచేసింది. చెమటలు ఆగాయి, అన్నం రుచించింది.

చిక్కు మగ్గం దగ్గర వచ్చింది. గద్వాల చీర నూలు, దాని అంచు పట్టు. రెండింటినీ ముడివేస్తూ నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చుని, పోగును అటూ ఇటూ మోసే నాడెలు విసరాలి. బాలకిష్టయ్య బస్సెక్కితే కౌసల్యమ్మ చేతులూ ఆగిపోతాయి. ఇప్పుడు మగ్గం మీదున్న చీర ఆలస్యమైతే ఇక మీకు పని ఇవ్వనని నూలు ఇచ్చే ఆసామి చెప్పేశాడు.

"గీ చీర మగ్గం దిగేదాక నేను రాను సారూ," అన్నాడు బాలకిష్టయ్య డాక్టరుతో. రాకపోతే మళ్లీ పాత మాత్ర దగ్గరికే పోతాడని అక్కడున్న అందరికీ తెలుసు.

ఆ మాట శ్వేత చెవిన పడింది. నాగర్‌కర్నూల్ అమ్మాయి, జనం ఈ వైద్యం మధ్యలో ఎందుకు మానేస్తున్నారో తెలుసుకునే పరిశోధనలో ఉంది. పట్టుదల లేకనో, సిగ్గుపడో మానేస్తారని అనుకుంటూ వచ్చింది. బాలకిష్టయ్య నోట్లో అప్పటికే మాత్ర ఉంది. అందుకని రోజూ అతని వెంట వచ్చే భార్యను అడిగింది, ఒంటరిగా వస్తే మందు వేసుకోడని అనుమానమా అని.

"అనుమానం ఏంది బిడ్డా? ఆయన లేని మగ్గం మీద నేనొక్కదాన్ని ఏం నేస్త? ఇంట్ల ఖాళీగ కూసునే బదులు బస్సుల కూసుంటున్న."

శ్వేత మర్నాడు గద్వాల వచ్చి మగ్గం చూసింది. తర్వాత మానేసినవాళ్ల ఇళ్లకు కొల్లాపూర్ దాకా తిరిగింది. ఎవరికీ మందు మీద కోపం లేదు, రోజూ పని పోగొట్టుకోవడమే వాళ్ల బాధ. అదే డాక్టరుకు చెప్పింది. కుదుటపడినవాళ్లకు వారం మాత్రలు ఇంటికి ఇవ్వగలనన్నాడు ఆయన. కాకపోతే అన్నీ ఒక్కసారే మింగినా, ఇంకెవరికైనా ఇచ్చినా ప్రమాదం, ఇంట్లో కనిపెట్టుకుని ఉండేదెవరని భయం.

"మోచేయి తగిలేటట్టు కూసుంట సారూ. నా కన్ను కప్పి యాడికి పోతడు?" అంది కౌసల్యమ్మ. మాత్రలు ఆమె పెట్టెలోకి, తాళంచెవి ఆమె కొంగుకు చేరాయి.

మొదటి రోజే గండం. మాత్ర కరుగుతుండగానే మగ్గంలో కూర్చున్నాడు. పోగు తెగింది. తడిపి అతికించడానికి అలవాటుగా నోట్లో వేలు పెట్టాడు. సగం కరిగిన మాత్ర పోగుతోపాటు చీరలోకి పోయింది. ఇద్దరూ డాక్టరుకు ఫోన్ చేసి తిట్లు తిన్నారు. ఆ చీర కట్టుకున్న తిమ్మాజిపేట ఆవిడకు మోకాళ్ల నొప్పులు మాయమయ్యాయట. ఈ 'అట' నాదే.

అప్పటి నుంచి మాత్ర గడప మీద కూర్చునే, గుంటలో దిగకముందే. చీర గడువులో దిగింది, ఆసామి మళ్లీ నూలు ఇచ్చాడు. బాలకిష్టయ్య నడుముకు దవాఖానవాళ్లు నేర్పిన కసరత్తు చేస్తున్నాడు.

ఇక పొద్దుటి మౌనం సంగతి. అది కౌసల్యమ్మ పండగ. పెళ్లైనప్పటి నుంచి అతను చెప్పనివ్వని మాటలన్నీ అప్పుడే చెబుతుంది, అత్తగారి సంగతులతో సహా. అతను కళ్లతో ఎంత బతిమాలినా ఆగదు. మాత్ర కరగగానే జవాబు చెప్పబోతాడు.

"కరిగిందా? ఇగ దిగు," అంటుంది.

దిగుతాడు. రెండు నాడెలూ కదులుతాయి.