ముత్తాత ఎరగని దుంప

మొన్న బరంపురం మార్కెట్లో బంగాళాదుంపల గోనె విప్పుతుంటే తడిమట్టి వాసన గుప్పుమంది. సంచి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. సూరమ్మగారు గుర్తొచ్చారు. ఇళ్ళల్లో తద్దినాలకు వంట చేసే మనిషి, పిల్లలు లేని ఆవిడ. ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నాకు మనసొప్పదు.

నేను కాపురానికొచ్చాక మామగారి తద్దినం అదే మొదటిది. అత్తగారు జ్వరంతో పడుకున్నారు. ఖల్లికోట నుంచి సూరమ్మగారు రావలసిన బండి ఆలస్యమైంది. సరే, నేనేం తక్కువా అని తడిచీర కట్టుకుని పొయ్యి వెలిగించాను. మామగారికి బంగాళాదుంప వేపుడంటే ప్రాణమని మావారు చెప్పిన మాట గుర్తుంది. ఎండుమిరపకాయలు దండిగా వేసి మూకుడు నిండా వేయించాను. చూడని మామగారి మెప్పు పొందాలని నా ఆరాటం.

సూరమ్మగారు వస్తూనే మూకుడు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

"ఏటమ్మా ఇది! తద్దినానికి దుంపా?"

పుట్టింట్లో ఈ వంట ఎప్పుడూ నా దాకా రాలేదు. పురోహితుడు వచ్చే వేళయింది. ఈ సంగతి అత్తగారికి తెలిస్తే ఈ ఇంట్లో ఇక తలెత్తుకోలేననిపించి ఏడ్చేశాను.

"ఏడుపెందుకు? పొయ్యి అలుకు. అరటికాయ తరుగు," అన్నారావిడ. మూకుడు తీసి పెరటి అరుగు మీద పెట్టి, మిరియాలు దంచుతూ నెమ్మదిగా చెప్పారు. "మీ మావగారికిష్టమే, కాదన్ను. ఏటంటే, ఇయాల ఆయనొక్కరే రారు గదా. ఆయన నాన్న, తాత కూడా వొస్తారు. ఆ తాతకి ఈ దుంపేటో తెలీదు. తెలీనిది ఆకులో యేస్తే పాపం ఏటి తింటారు, సెప్పు?"

"మరి మిరపకాయ?"

"అదీ తరవాతొచ్చిందే. పాతోళ్ళకి మిరియమే కారం. మా అత్త సెప్పింది. ఆవిడకి ఆవిడ అత్త."

నేను చరిత్రలో డిగ్రీ చదివినదాన్ని. పోర్చుగీసు ఓడల దారులు పరీక్ష కోసం బట్టీపట్టాను. మిరప, బంగాళాదుంప, టమాటా అన్నీ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవేనని తర్వాత లైబ్రరీలో చదివి తెల్లబోయాను. పూరీ జగన్నాథుడి వంటశాలలోకి ఈనాటికీ బంగాళాదుంప రాదు. నా పుస్తకంలో ఓడలున్నాయి గానీ, అవి రాకముందు మనవాళ్ళు ఏం తిన్నారో లేదు. అది అక్షరమ్ముక్క రాని సూరమ్మగారి దగ్గరుంది.

సాయంత్రం అత్తగారు లేచి పెరట్లో మూకుడు చూశారు.

"ఎవరు సేసేరు?"

"నేనే అత్తయ్యా. మామగారికి ఇష్టమని..."

ఆవిడ మూకుడు పక్కనే అరుగు మీద కూర్చున్నారు. ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. "ఉప్పు తక్కువైంది. ఆయనకి ఉప్పుండాలి," అంటూ కొంగు కళ్ళకు అద్దుకున్నారు. ఆ క్షణాన నేను ఆ ఇంటి మనిషినయ్యాను.

ఆ తర్వాత పదకొండేళ్ళు సూరమ్మగారి పక్కన నిలబడి వంట నేర్చుకున్నాను. ఆవిడ పేరు చెప్పి ఆకు వేసేవాళ్ళెవరూ లేరు. అందుకే ఆవిడ పోయిన తిథినాడు ఏటా ఒక ముసలావిడను పిలిచి భోజనం పెడతాను. శాస్త్రం ఒప్పుతుందో లేదో నేనెవరినీ అడగలేదు. ఆవిడ వెంట ఏ అత్త వస్తుందో, ఆ అత్త వెంట ఇంకెవరొస్తారో నాకు తెలియదు. అందరిలోకీ పాత మనిషిని తలుచుకుని, ఆ రోజు మిరియాలు దంచి వంట చేస్తాను.