ఆఖరి విస్తరి

రాజోలు దగ్గర ఆ ఊళ్ళో మేజర్ బుచ్చిరాజుగారు అందరి తర్వాతే ఎందుకు తింటారో ఎవరికీ అంతుపట్టేది కాదు. రిటైరై కొబ్బరితోట చూసుకుంటున్నా అదే పద్ధతి. దింపు రోజున చెట్టెక్కినవాళ్ళూ, కాయలు ఒలిచినవాళ్ళూ తినేదాకా చేతులు వెనక్కి కట్టుకుని ప్రతి విస్తరిలోకీ తొంగిచూసేవారు. కూతురి పెళ్ళిలో బ్యాండువాళ్ళు తినేసరికి కూర అయిపోతే, పెళ్ళికూతురి తండ్రి ఆవకాయా పెరుగన్నంతో లేచారు.

కారణం భార్య భవానీదేవిగారికే తెలుసు. కాపురానికి వెళ్ళిన మొదటిరోజు, భర్త తినకుండా తాను తినకూడదని ఆవిడా, జవాన్లు తినకుండా ఆఫీసరు తినకూడదని ఆయనా, మూడింటిదాకా ఎదురెదురుగా కూర్చున్నారు. చేపల పులుసు చల్లారిపోయింది. "ఈ ఇంట్లో నా జవానువి నువ్వే. ముందు నువ్వు తిను," అన్నారాయన. అప్పట్నుంచీ నలభై ఏళ్ళు ఆవిడ వంటింట్లో చాటుగా తినేసి, మూతి తుడుచుకుని వచ్చి ఆయనకు వడ్డించేవారు. పాపం, భర్త తింటేగాని ముద్ద ముట్టదని ఊరంతా మెచ్చుకునేది.

మొన్న ఆయన పెద్దకర్మ భోజనాల్లో కోడలు కుసుమ ఆవిడకు విస్తరి వేసింది.

"అత్తయ్యగారూ, పొద్దుట్నుంచీ ఏం తినలేదండి. ముందు మీరు కూర్చోండి."

భవానీదేవిగారు వినిపించుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని పందిట్లోకి నడిచి, వంటవాళ్ళ విస్తళ్ళలోకి తొంగిచూశారు.

"కూర అందిందా బాబూ?"

"ఆయ్, అందిందండి."

వెనక్కి వచ్చేసరికి కుసుమ ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. "కూర అయిపోయిందండి."

"ఆవకాయ ఉందిగా అమ్మా," అంటూ ఆవిడ ఆఖరి విస్తరి ముందు కూర్చున్నారు.