కొండమీది వందనం

పంతొమ్మిది వందల డెబ్బైలలో నేను అరబ్బు దేశంలో, సముద్రపొడ్డునున్న ఖబూరా ఆసుపత్రిలో నర్సుగా చేరేనాటికే ఆయన అక్కడ వార్డు బాయ్. కాకినాడవాడు, యాభై దాటినవాడు, కాబట్టి మాకందరికీ బాబాయి. ఆపరేషనయిన రోగిని మంచం దించి మొదటిసారి నడిపించే డ్యూటీ ఆయనదే. మోచెయ్యి పట్టుకుని, తల కొంచెం వంచి, "దెస్పాసియో" అనేవాడు.

అదేం మాటని అడిగితే, ఓడలో వంటవాడిగా ఉన్న రోజుల్లో, రేవు నుంచి కొండలెక్కి క్విటో నగరం చూసొచ్చిన సంగతి చెప్పేవాడు.

"మేఘాల్లో ఉంటాదమ్మా ఆ ఊరు. ఉన్నది ఒక్కరోజే. లోపలంతా బంగారం పూసిన చర్చి చూశాను. నాలుగడుగులేస్తే చాలు, ఆయాసం. నన్ను చూసి ఎదురొచ్చినోళ్ళంతా చెయ్యెత్తి దెస్పాసియో అన్నారు. మన వందనాల్లాగన్నమాట. నేనూ అందరికీ తిరిగి చెప్పాను. అంత మర్యాద ఇంకే ఊళ్ళోనూ చూళ్ళేదు."

ఒకసారి ఆ ఊరి భాష తెలిసిన డాక్టరొకాయన అది విని నవ్వాడు. "మెల్లగా నడువు అని అర్థం, సిస్టర్," అన్నాడు. బాబాయికి చెప్పేద్దామని వార్డుకి వెళ్ళాను. ఆయన ఒక ముసలి జాలరిని నడిపిస్తున్నాడు. జాలరి గుండెమీద చెయ్యి పెట్టుకుని, ఆయనకి "దెస్పాసియో" అని బదులు చెబుతున్నాడు. నేను గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను.

బాబాయి ఉద్యోగం మానేసి ఇండియాకి వెళ్ళిపోయే రోజున జీపువాడు బయట హారన్ కొడుతున్నాడు. పెట్టె పట్టుకుని గబగబా నడుస్తున్న ఆయనతో "దెస్పాసియో, బాబాయ్" అన్నాను, అర్థం తెలిసే.

ఆయన ఆగాడు. పెట్టె కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, "దెస్పాసియో, సిస్టరమ్మా" అన్నాడు.