స్తంభం వెనక గాలి

గాలిమర రెక్కలు ఒక్కొక్కటే తల మీదుగా దిగుతూ బుస్సుమంటాయి. ఆ చప్పుడు వింటూ లైడార్ పెట్టె పక్కన కూర్చోవడమే ఇప్పుడు నా ఉద్యోగం. నేల మీది ఆ పెట్టె పైకి లేజర్ కాంతిని పంపుతుంది. గాలిలో కొట్టుకుపోయే దుమ్మును తాకి వెనక్కి వచ్చిన వెలుగును బట్టి, ఏ ఎత్తులో గాలి ఎంత వేగంతో పోతోందో చెబుతుంది. మర ముందుకు నిండుగా వచ్చిన గాలి, మర దాటాక నీరసపడి, సుడులు తిరిగి, చాలా దూరం పోతే గానీ తేరుకోదు. తెర మీద ఆ అలసిన గాలిని చూసినప్పుడల్లా నాకు రాజేశం సార్ గుర్తొస్తారు.

ఎనభైల చివర, ఆసిఫాబాద్ దగ్గర ఒక గుట్ట మీద గాలి కొలిచే పనిలో ఆయన నా పై అధికారి. అప్పుడు మాకు లైడార్లెక్కడివి? ఇనుప స్తంభం, దానికి అడ్డంగా ఒక కడ్డీ, కడ్డీ చివర గాలికి తిరిగే మూడు గిన్నెలు, అంతే. అక్కడ మరలు పెట్టాలా వద్దా అన్నది మా ఏడాది కొలతలే తేల్చాలి. సార్‌కు అప్పటికే యాభై దాటాయి. లక్సెట్టిపేటలో ఆయన భార్య ఆయాసంతో ఒంటరిగా ఉండేది. శనివారం బస్సెక్కి వెళ్లి, సోమవారం పొద్దున ఎర్రబడ్డ కళ్లతో గుట్టెక్కేవారు. ఏడాది పని పూర్తయితే ఆమె దగ్గరికి బదిలీ చేస్తామని ఆఫీసు వాళ్లు మాట ఇచ్చారు.

కడ్డీ బిగించింది నేను. పటంలో పడమటి వైపు అని ఉంది. అటు లోయ, ఎక్కుతుంటే కళ్లు తిరిగాయి. తూర్పు వైపు బిగించి దిగిపోయాను.

కొలతలు మొదలైన పదో నెలలో ఒక మధ్యాహ్నం సార్ ఒక కర్రకు మూరెడు దారం కట్టి స్తంభం పక్కన పట్టుకున్నారు. దారం చక్కగా తూర్పుకు సాగింది. కర్రను స్తంభం వెనక్కి జరపగానే వేలాడి, వణికి, తలో దిక్కూ కొట్టుకుంది.

"వానకాలంల గాలి ఏ దిక్కు నుంచి వస్తది, శంకర్?"

"పడమర నుంచి సార్."

"మరి గిన్నెలు ఏ దిక్కున్నయ్?"

ఆయన తలెత్తి స్తంభం కొస దాకా చూసి, బండ మీద కూలబడ్డారు. "వానకాలమంత స్తంభం చాటు గాలినే కొలిసినం," అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. సార్ మరునాడే నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లారు. పెద్ద అధికారి సార్ రాసిచ్చిన కాగితం చదివి, "ఎవరు బిగించారిది?" అని అడిగాడు. సార్ నావైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను. అధికారి మళ్లీ అడిగాడు.

"నేనే సార్," అన్నారు రాజేశం సార్.

బదిలీ ఆగిపోయింది. మళ్లీ ఏడాది కొలవమన్నారు.

తిరుగు బస్సులో, "ఎందుకట్ల చెప్పిండ్రు సార్?" అన్నాను.

ఆయన కిటికీకి తల ఆనించారు. "నువ్వు చెప్తవేమోనని జరసేపు చూసిన. చెప్పలే. ఆయన అడుగుతనే ఉండె. ఎవలో ఒకలు చెప్పాలె గద." చేతిసంచి ఒళ్లోకి లాక్కుని, "పానం అలిసింది. జర పండుకుంట," అని కళ్లు మూసుకున్నారు.

ఈసారి పడమటి వైపే బిగించాను. ఆ చలికాలంలో ఆయన భార్య పోయింది. అది బుధవారం, సార్ గుట్ట మీదే ఉన్నారు. ఏడాది నిండాక తేలిందేమిటంటే, అక్కడి గాలి మరలకు చాలదని. బదిలీ కాగితం ఆ తర్వాత వచ్చింది. "ఇగ యాడుంటే ఏంది," అని సార్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు ఎక్కడైనా పొరపాటు జరిగి, ఇది ఎవరు చేశారని అడిగితే, తప్పు నాదైతే వెంటనే చెప్పేస్తాను. తోటివాళ్లు దాన్ని నిజాయితీ అనుకుంటారు. నిజానికి ఆ ప్రశ్న తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని నేను భరించలేను. అందులో ఒక పెద్దాయన నావైపే చూస్తూ, నేను నోరు తెరుస్తానేమోనని ఎదురుచూస్తుంటారు.