ఊఁ పడ్డ చోటు

సబ్‌స్టేషన్లో ఆపరేటరుగా పనిచేసే ఆమెను లైన్‌మన్లందరూ చిలకమ్మ అంటారు. వెనకాల కాదు, మొహం మీదే. ఆమె పని వినడానికి చిన్నది. స్తంభం ఎక్కాల్సిన లైన్‌మన్ ముందు ఆమెకు ఫోన్ చేసి తన లైన్లో కరెంటు తీయించుకోవాలి. పనయ్యాక మళ్ళీ ఫోన్ చేసి ఇప్పించుకోవాలి. ఆ రెండు ఫోన్ల నడుమ అతని ప్రాణం ఆమె చేతికింది స్విచ్చులో ఉంటుంది. అందుకని ఎవరైనా "సరే" అంటే ఆమె ఒప్పుకోదు. తాను చెప్పింది తనకే తిరిగి చెప్పించుకుంటుంది. నిజానికి చిలకలు వాళ్ళు, పేరు మాత్రం ఆమెకు పడింది.

"సరే అక్కా, అర్థమైంది."

"ఏం అర్థమైంది?"

"నువ్వు చెప్పిందే."

"నేను చెప్పింది నాకు తెలుసులే. నీకు చేరిందేంటో చెప్పు."

"మూడో లైను ఆపావు. నలుగురం కిందకి దిగామని నేనే ఫోన్ చేసి చెప్పేదాకా ముట్టుకోవు. ఇంకేమైనా ఎక్కాలు అప్పజెప్పాలా?"

"అక్కర్లేదు. పోయి పని చూసుకో."

ఈ అలవాటు ఇంటికీ పాకింది. భర్త దర్జీ. మిషను మీద వంగి కూర్చుంటే పిడుగు పడినా తల ఎత్తడు. గ్యాసు అయిపోయిందని చెబితే ఊఁ అంటాడు. "ఏమన్నాను?" అని నిలదీస్తే, "ఏదో అయిపోయిందన్నావు" అంటాడు. "ఏది?" అంటే, "మన కాపురం కాదుగా?" అని మళ్ళీ పెడలు తొక్కుతాడు. మనసులు కలిసిన చోట మాటలతో పనిలేదని తన్మయంగా రాసేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు ఒక్క రోజు ఈ దర్జీతో గ్యాసుబండ తెప్పించి చూడాలి.

ఇంతకీ ఆ వారం పెద్దాఫీసువాళ్ళు సిబ్బందికి ఒక తరగతి పెట్టించారు. మనుషులు ఒకరికొకరు విషయం ఎలా చేరవేసుకోవాలి, దాని మూలసూత్రాలేమిటి అన్నది పాఠం. చెప్పడానికి వచ్చినాయన బోర్డు మీద రెండు సున్నాలు చుట్టి మధ్యలో ఒక బాణం గీశాడు. ఒక సున్నా చెప్పేవాడు, ఒక సున్నా వినేవాడు. అక్కడిదాకా బానే ఉంది. తర్వాత మాటల వాటా నామమాత్రమేనని, అసలు సంగతంతా చేతులూ కళ్ళూ చెబుతాయని అందుకున్నాడు.

చిలకమ్మ లేచింది. "సార్, మా లైన్‌మన్ నాకు రెండు కిలోమీటర్ల అవతల ఉంటాడు. అతని కళ్ళు నాకెలా కనపడతాయి?"

గదంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, "అందుకే ఫోన్లో మధ్యమధ్య ఊఁ, ఊఁ అంటుండాలి మేడం. వింటున్నామని అవతలివాళ్ళకు తెలుస్తుంది" అన్నాడు.

ఆమె కూర్చుంది. 

తరగతి ముగిశాక ఇంజనీరు ఆమెను ఆపాడు. కొత్తగా వచ్చినవాడు, పని తెలిసినవాడు. "మేడం, ఆయన బాణాల సంగతి వదిలేయండి. మీరు తిరిగి చెప్పించే పద్ధతి నాకు నచ్చింది. అన్ని సబ్‌స్టేషన్లకూ రూలు చేయిద్దాం. ఒక పేజీ రాసివ్వండి. ఎందుకు మొదలుపెట్టారో కూడా రాయండి. ఎందుకో తెలియని రూలు ఎవరూ పాటించరు."

ఎందుకో అందరికీ తెలుసు. తెలుసనే అందరూ అనుకుంటున్నారు. చిక్కంతా అక్కడే.

పదకొండేళ్ళ కిందటి మాట. గాలివాన వెలిసిన మధ్యాహ్నం. ఫోన్లు ఒకదాని మీద ఒకటి మోగుతున్నాయి. పెద్ద లైన్‌మన్ తన లైన్లో తెగిన తీగ ముడి వేయిస్తున్నాడు. ఆమె ఫోన్ చేసి గుక్క తిప్పుకోకుండా మూడు ప్రశ్నలు ఒకేసారి అడిగింది. "అన్నా, తీగ కలిపారా, అందరూ దిగారా, లైన్ ఇచ్చేయనా?" "ఊఁ" అని వినపడింది. ఆమె స్విచ్చు వేసింది. అతని జూనియరు ఇంకా స్తంభం మీదే ఉన్నాడు. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. ఇప్పుడు స్టోర్సులో ఎడమచేత్తో చీటీలు రాస్తున్నాడు.

ఆమె లాగ్‌బుక్కులో "లైన్ ఇమ్మన్నారు, ఇచ్చాను" అని రాసింది. విచారణలో పెద్ద లైన్‌మన్‌ను ఒకే ప్రశ్న అడిగారు: ఊఁ అన్నావా, లేదా? అన్నానన్నాడు. ఆరు నెలలు సస్పెండు చేశారు, సర్వీసు పుస్తకంలో నిర్లక్ష్యమని ఎక్కించారు. అతను తిరిగొచ్చిన రోజు నుంచే ఆమె తిరిగి చెప్పించడం మొదలుపెట్టింది. "నువ్వొక్క ఊఁ అన్న పాపానికి మా అందరికీ బడి పెట్టించావు బాబాయ్" అని తోటివాళ్ళు అతన్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటారు. అతను నవ్వడు, కాదనడు.

ఆమెకు తెలిసింది ఇంకొకటి ఉంది. మన భాషలో ఊఁ అంటే అవును ఒక్కటే కాదు. కథ వినేటప్పుడు ఊఁ కొడతాం, అంటే చెప్పు, వింటున్నాను అని. అతని ఊఁ ఆమె మూడో ప్రశ్న పూర్తయ్యాక పడలేదు. "కలిపారా" దగ్గర పడింది, సాగదీసి పడింది. ఆ ఊఁ పడ్డ చోటు ఆ క్షణంలోనే ఆమె చెవికి తెలుసు. చెయ్యి మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ఆ కారణం తన చేత్తో రాయాలి. అతను వచ్చే నెల రిటైరవుతున్నాడు. ఇప్పుడు రాయకపోతే, ఇన్నాళ్ళూ నోటిమాటగా తిరిగిన అబద్ధం అచ్చులో రూలైపోతుంది, అతని ఊఁ ఊరూరా పాఠమవుతుంది. రాస్తే తన ఉద్యోగం ఏమవుతుందో తెలియదు.

రెండు రోజుల్లో నాలుగు కాగితాలు చింపింది. ఐదోది రాసి, అతనికి ఫోన్ చేసింది. పదకొండేళ్ళలో లైను పని కాకుండా చేసిన మొదటి ఫోను.

"అన్నా, ఒకసారి రాగలవా? ఒక కాగితం చూపించాలి."

"ఏ లైను?"

"లైను కాదు. మనది."

సాయంత్రం ఆమె డ్యూటీ అప్పగించే వేళకు అతను వచ్చాడు. కళ్ళజోడు తేలేదు, కాగితం దూరంగా పట్టుకుని పెదాలు కదుపుతూ చదివాడు. చదివినంతసేపూ ఆమె గోడమీది మీటర్లు చూస్తూ నిలబడింది.

"ఇక్కడ 'పొరపాటుగా విన్నాను' అని రాశావు."

"ఊఁ."

"ఇది ఏ ఊఁ?"

"అవుననే ఊఁ, అన్నా."

"నువ్వు పొరపాటుగా వినలేదు. నీ చెవి సంగతి నాకు తెలియదా? నేను జలుబు చేసి మాట్లాడినా మాత్ర వేసుకోమంటావు. నువ్వు సరిగ్గానే విన్నావు. తప్పు రాశావు."

ఆమె కుర్చీలో కూర్చుంది. "నీకు ముందే తెలుసా?"

"విచారణ రోజున నీ లాగ్‌బుక్కు నా ముందు పెట్టారు కదా. చదివాను."

"మరి చెప్పలేదేం?"

"ఊఁ అన్నావా అని అడిగారు. అన్నాను. ఏ మాట దగ్గర అన్నావని అడిగినవాడు లేడు. పైగా స్తంభం మీదున్నవాడి నుంచి కళ్ళు తిప్పకుండా, సగం చెవితో ఫోన్ విన్నవాణ్ణి నేనే. నా తప్పు నాకుంది." కాగితం ఆమె ముందు పెట్టాడు. "నీది నాకెందుకు అంటగట్టావని మాత్రం చాలాసార్లు అనుకున్నాను. ఆ ఆరు నెలలు మా ఆవిడ చుట్టాలిళ్ళకు పోవడం మానేసింది."

ఆమె పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసింది. పైన కొత్తగా రాసి, చదివి వినిపించింది. "లైన్ ఇవ్వమని ఆయన అనలేదు. అన్నారని నేను రాశాను. నాకు తెలిసే రాశాను."

"ఇది పంపితే మెమో వస్తుంది."

"వస్తుంది."

"ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది నీకు."

"నన్ను క్షమించమని అడగడం లేదన్నా."

"అడగకు. అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది."

క్షమాపణ చెప్పగానే కళ్ళు చెమర్చి మనుషులు తేలికపడిపోతారన్నది మనకు బాగా అలవాటైన ముగింపు. ఆ గదిలో ఎవరూ తేలికపడలేదు. ఆమె కాగితం మడత పెట్టింది, అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కాకపోతే, పదకొండేళ్ళుగా ఇద్దరికీ తెలిసిన సంగతి ఇప్పుడు ఒక కాగితం మీద, మూడోమనిషి చదవగలిగేలా ఉంది.

కాగితం ప్యూనుకు ఇవ్వకుండా ఆమే పట్టుకుని నడిచింది. అతను వెనకే వచ్చాడు. ఇంజనీరు గది బయట బల్ల మీద కూర్చుని, "నువ్వెళ్ళు. ఏం జరిగిందో ఆయన నన్నూ అడగాలనుకుంటే, ఇక్కడే ఉన్నానని చెప్పు" అన్నాడు.

ఆమె తలుపు తట్టింది.