మీడియం పసుపు తిరిగిన రోజు

నేను రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, విశాఖలోని మా కంటి ఆసుపత్రి నన్ను మైక్రోబయాలజీ నుంచి కొత్తగా పెట్టిన సెల్ కల్చర్ ల్యాబ్‌కు బదిలీ చేసింది. హోదా అదే, సీనియర్ టెక్నాలజిస్ట్. జీతమూ అదే. పని మాత్రం తలకిందులు. అంతవరకు రోగి కంటి నుంచి తీసిన నమూనాలో క్రిములను పెంచి, అవేమిటో తేల్చి డాక్టర్లకు చెప్పడం నా ఉద్యోగం. ఇక్కడ మనిషి కణాలను పెంచాలి, ఒక్క క్రిమి కూడా చొరబడకూడదు.

నాకు పని నేర్పడానికి వచ్చిన షమీమ్‌ది విశాఖలోనే పాత ఊరు. వాళ్ల నాన్నకు పూర్ణా మార్కెట్‌లో అత్తరు కొట్టు. మా అమ్మాయి కన్నా చిన్నది, చదువులో నాకన్నా పెద్దది. మొదటి రోజే నా చేతులకు వంకలు పెట్టింది. బ్యాక్టీరియాకు సుకుమారం ఉండదు, ట్యూబును గట్టిగా ఊపినా బతుకుతాయి. ఆ అలవాటుతోనే కణాలున్న ట్యూబును ఊపాను.

“ఏటి మేడమ్, మజ్జిగ సిలుకుతన్నారా?” అంది.

ఒళ్లు మండింది. ఇంటికెళ్లి మా ఆయన మీద అరిచాను కూడా. కానీ ఆ పిల్ల చెప్పింది నిజం. ఆ ట్యూబులో కణాలు సగానికి పైగా చచ్చిపోయాయి. పిపెట్‌ను ట్యూబు గోడకు ఆనించి ద్రవాన్ని నెమ్మదిగా వదలడం, తెరిచిన ప్లేటు మీదుగా చెయ్యి పోనివ్వకపోవడం, శుభ్రమైన గాలి వీచే హుడ్ ముందు కూర్చున్నంతసేపూ నోరు మూసుకోవడం ఒక్కొక్కటే నేర్చుకున్నాను. అన్నింటికన్నా కష్టమైంది ఆఖరుదే.

వర్షాలు తగ్గాక ఎర్రన్న కేసు వచ్చింది. పడవ మీద వేటకెళ్లే మనిషి. పొగాకులోకి సున్నం ప్యాకెట్ నొక్కుతుంటే అది పగిలి ఎడమ కంట్లో పడింది. నల్లగుడ్డు అంచున ఉండి పై పొరను ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించే కణాలు మాడిపోయాయి. కన్ను తెల్లగా మూసుకుపోయింది. వైద్యం ఏమిటంటే, బాగున్న కుడి కంటి అంచు నుంచి ఆవగింజంత ముక్క తీసి, కాన్పులో పడే మాయ నుంచి తీసి శుద్ధి చేసిన పలుచని పొర మీద పెట్టి, రెండు వారాల పాటు ల్యాబ్‌లో పెంచి, ఆ పొరను ఎడమ కంటికి అతకడం.

ఎర్రన్న భార్య పోలమ్మ ఒప్పుకోలేదు. “ఉన్న కన్ను కూడా పోతే ఏటి సేత్తామమ్మా? సంద్రం మీద గుడ్డోడు ఏటి సేత్తాడు?” అని నన్ను నిలదీసింది. ఒక్కసారే కోస్తామని మా సర్జన్ గారు మాటిచ్చాక సంతకం పెట్టనిచ్చింది.

ముక్కను పొర మీద పరిచింది నేనే. షమీమ్ పక్కన నిలబడి చూసింది. అది పొరకు అతుక్కునే దాకా, అంటే రెండు రోజులు, ప్లేటును కదపకూడదు. రోజూ పొద్దున్నే ప్లేట్లు తీసి చూసే అలవాటున్న నాకు ఆ రెండు రోజులూ చేతులు కట్టేసినట్టే ఉంది.

అయిదో రోజు ఉదయం ఇంక్యుబేటర్ తెరిస్తే మీడియం పసుపు తిరిగి ఉంది. మీడియం అంటే కణాలకు ఆహారమైన ద్రవం. అందులో కలిపిన రంగు మామూలుగా ఎర్రగా ఉంటుంది, ఆమ్లం పెరిగితే పసుపవుతుంది. రాత్రికి రాత్రే పసుపైతే బ్యాక్టీరియా పడిందని అనుమానించి వెంటనే పారేయాలన్నది ల్యాబ్ నియమం. లేకపోతే ఇంక్యుబేటర్ మొత్తం పాడవుతుంది. షమీమ్ సర్జన్ గారికి ఫోన్ చేసింది. సర్జన్ గారు వచ్చి చూసి, తీసేయండి, కుడి కంటి నుంచి మళ్లీ ముక్క తీద్దాం అన్నారు. బయట వరండాలో పోలమ్మ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమెకు ఈ మాట ఎవరు చెప్పాలి?

ప్లేటును వెలుతురుకు పట్టి చూశాను. రంగు మారేంతగా బ్యాక్టీరియా పెరిగితే ద్రవం మసకబారాలి. ఇది తేటగా ఉంది. అరగంట టైమివ్వండి సార్ అని అడిగాను. ఒక చుక్క తీసి గాజు పలక మీద ఆరబెట్టి గ్రామ్ స్టెయిన్ వేశాను. క్రిములు ఉంటే రంగు పట్టి మైక్రోస్కోపులో కనబడతాయి. నా పాత ఉద్యోగంలో కళ్లు మూసుకుని చేసిన పని. పలక ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాను. ఒక్క క్రిమి లేదు.

“కణాలు పెట్టకుండా వట్టి మీడియం పోసి ఉంచిన ప్లేటు కూడా పసుపైంది మేడమ్,” అంది షమీమ్, వెనక నుంచి. అనేసి గ్యాస్ సిలిండర్ వైపు పరిగెత్తింది. ఇంక్యుబేటర్‌లోకి కొద్ది మోతాదులో కార్బన్ డయాక్సైడ్ పంపుతాం, అది ఎక్కువైతే మీడియం ఆమ్లమవుతుంది. ముందు రోజు సాయంత్రం సిలిండర్ మార్చారు. విడి మీటరుతో కొలిస్తే లోపల గ్యాస్ ఉండాల్సిన దానికి దాదాపు నాలుగింతలు ఉంది.

హమ్మయ్య అనుకుని అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. షమీమ్ నా భుజం పట్టుకుని ఏడ్చేసింది. సర్జన్ గారు నవ్వుతూ ఇక పారేయక్కర్లేదు, ఈ ప్లేటు మీ ఇద్దరిదీ అని వెళ్లిపోయారు. గ్యాస్ సరిచేసి మీడియం మార్చాం. అనుమానం తీరక, తీసేసిన పసుపు ద్రవాన్ని క్రిములను పెంచడానికి రక్తం కలిపి చేసే ప్లేటు మీద కూడా పూసి ఉంచాను. మర్నాడు అందులో ఏమీ పెరగలేదు. కంటి ముక్క చుట్టూ మాత్రం కణాలు సన్నని అంచులా పాకుతున్నాయి.

ఆపరేషనయిన కొన్ని వారాలకు ఎర్రన్న కుడి కన్ను మూసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. వేళ్లు చూపిస్తే మూడు అన్నాడు. సరిగ్గా చెప్పాడు. “అంచులు అలికినట్టున్నాయి గానీ అగుపడతన్నాయమ్మా,” అన్నాడు. పోలమ్మ నమ్మక, తన వేళ్లు కూడా చూపించి లెక్కపెట్టించింది.

ఆ కేసు తర్వాత ల్యాబ్ నియమాల్లో ఒక మార్పు చేశాం. రంగు మారిన ప్లేటును పక్కకు తీసి విడిగా ఉంచాలి, స్టెయిన్ చేసి చూశాకే పారేయాలి. కొత్త పనికి నా చేతులను మార్చుకోవాల్సి వచ్చింది, పాత పనిలో నేర్చిన పరీక్షను వదులుకోవాల్సిన పని లేకపోయింది. ఎర్రన్న కుడి కంటి మీద రెండోసారి కత్తి పడలేదు.